మందు లేని సూది

మెడ పట్టేస్తే మా సీమలో మొదటి వైద్యం దిండును ఎండలో వేయడం. తల పెట్టుకున్న చోటే తప్పుందని మావాళ్ళ నమ్మకం. ఆ లెక్కన ఖతార్‌లో మెడనొప్పి అనేదే ఉండకూడదు. ఇక్కడున్నంత ఎండ ఇంకెక్కడుంది? అల్ తుమామాలో నేను కారు నడిపే ఇంటి వెనక, డ్రైవర్ గది మిద్దె మీద మండు వేసవిలో నా దిండును పడేశాను. సాయంత్రానికి అది అప్పడంలా వేగింది. తల ఆనిస్తే చెవి కాలింది. మెడ మాత్రం కుడివైపుకు ససేమిరా తిరగనంది.

ఆ ఇంట్లో వంట చేసే ఆవిడది కోనసీమ. నన్ను అన్నయ్యా అంటుంది, చెల్లెలి కన్నా ఎక్కువ ఆటపట్టిస్తుంది.

"దిండుతో పోయేది కాదండి అది. ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళు తొక్కితే ఇట్టే వదిలేత్తది అన్నయ్యా" అంది.

"ఈడ ఎవురు ఎట్ల పుట్నారో ఇల్లిల్లూ తిరిగి అడగమంటావా మ్మా?"

"ఎందుకండీ తిరగడం? నేనలాగే పుట్టేను, ఆయ్."

"నన్ను తన్నేదానికి నువ్వు ఎప్పుడెప్పుడా అని చూస్తాండావని నాకు తెల్సులే" అని వంటింట్లోంచి బయటపడ్డాను.

పైకి నవ్వులాటే గానీ లోపల గుబులుగా ఉండేది. మెడ తిరగని డ్రైవర్ను ఏ ఇల్లు ఉంచుకుంటుంది? బండి వెనక్కి తీయాలంటే ఒళ్ళంతా తిప్పి చూడాల్సి వస్తోంది. బాబా, అంటే మా యజమాని, కనిపెట్టాడంటే ఊరికి పంపించేస్తాడు. నాకేమో ఈ పని ఇష్టం. అన్నిటికన్నా మామా కబీరా ఇష్టం. బాబా వాళ్ళమ్మను ఇంట్లో పనిచేసేవాళ్ళం అలా పిలుస్తాం, పెద్దమ్మగారు అన్నట్టు.

శుక్రవారం వస్తే ఆమెను మదీనత్ అల్ షమాల్‌లో ఉన్న ఆమె చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళాలి. అల్ ఖోర్ దాటాక ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపుతాను. వెనక సీట్లో కుడిపక్కన కూర్చున్న ఆమె ఫ్లాస్కు తెరిచి, ఏలకుల వాసన గుప్పుమనే గహ్వా, అదే వాళ్ళ కాఫీ, చిన్న కప్పులో పోసి ముందుకు చాస్తుంది. నేను వెనక్కి తిరిగి కుడిచేత్తో అందుకోవాలి. ఎడమచేత్తో తీసుకోవడం మర్యాద కాదు. తాగేశాక చాలనుకుంటే ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊపకపోతే మళ్ళీ పోస్తారు. కొత్తలో ఈ సంగతి తెలియక, పెద్దావిడ పోస్తుంటే కాదనకూడదేమోనని ఫ్లాస్కు మొత్తం తాగేశాను. చెల్లెలికి చుక్క మిగల్లేదు. ఆ రోజు ఆమె షమాల్ చేరేదాకా నవ్వుతూనే ఉంది. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది అక్కడే.

మెడ పట్టిన ఆ శుక్రవారం కూడా కప్పు చాచింది. నేను తిరగలేకపోయాను. "మాఫీ గహ్వా, మామా" అన్నాను, వద్దని, వీపు ఆమెకే పెట్టి. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి వెనక్కి పోయింది. ఫ్లాస్కు మూత బిగించిన చప్పుడు వినిపించింది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, నా మెడ మీద నాకే కోపం వచ్చింది. తిరుగు దారిలో ఆమె బాబాతో ఫోనులో మాట్లాడుతుంటే 'సవ్వాక్' అన్న మాట పదే పదే వినబడింది. డ్రైవర్ అని. నా పని అయిపోయిందనుకున్నాను, వంటావిడతో అన్నాను కూడా.

ఆ వారంలోనే ఆమెను మోకాళ్ళ ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాను. ఎప్పుడూ నేను కారులోనే కూర్చుంటాను. ఆ రోజు "యల్లా" అని, పదమన్నట్టు చేతికర్రతో లోపలికి దారి చూపించింది. థెరపిస్టు మలయాళీ, నా ఈడువాడే. ఆమె తన బల్ల మీద తను పడుకోకుండా, కర్ర మొన నా మెడ మీద ఆనించి, ముందు ఇతన్ని చూడమంది. నేను బల్ల ఎక్కాను.

అతను భుజం మీద వేలితో ఒకచోట నొక్కాడు. ప్రాణం పోయినంత పనైంది. కండ ముడిపడి బిగుసుకుపోయిందనీ, సూది వేస్తాననీ హిందీలో చెప్పాడు. నాకు భలే ధైర్యం వచ్చింది. సూది అంటే మా ఊరి వాళ్ళకు అంత గురి. సూది వేయని డాక్టరు మాకు డాక్టరే కాదు. మాత్రలిచ్చి పంపితే, దారిలోనే ఇంకో డాక్టరును వెతుక్కుంటాం.

అతను పొట్లం చించి తీసింది వెంట్రుకంత సూది. దానికి సిరంజీ లేదు, మందు సీసా లేదు.

"మందేది?" అన్నాను.

"మందుండదు భాయ్. ఉత్త సూదే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "డ్రైవర్లకైతే ఉత్త సూది, యజమానులకైతే మందు సూదా?" అని నా హిందీలో నిలదీశాను. అందరికీ ఇదేనని అతను నవ్వాడు. సూది మొన ముడికి తగిలితే కండ ఒక్కసారి ఎగిరిపడి వదులవుతుందనీ, మిగతా పని నేను చేసే వ్యాయామందేననీ ఓపిగ్గా చెప్పాడు. "పోనీ, కొంచెమైనా మందు వెయ్యి" అని బతిమాలాను. గొడవేమిటని మామా కబీరా అడిగింది. అతను అరబీలో చెప్పాడు. ఆమె కర్రతో నేల మీద టక్కున కొట్టి "ఇస్కిత్" అంది, నోరు మూసుకోమని.

మూసుకున్నాను. సూది దిగడమే తెలియలేదు. అతను దాన్ని మెల్లగా కదిపాడో లేదో, భుజంలో కండ గట్టున పడ్డ చేపపిల్లలా ఎగిరింది. ఇన్నాళ్ళూ నొప్పి దాచినవాణ్ణి, ఇప్పుడు ఏ మొహంతో అరవను? దొంగకు తేలు కుట్టినట్టు పడుకున్నాను.

మర్నాడు నొప్పి ఇంకా ఎక్కువైంది. ఒకటి రెండు రోజులు అలా ఉంటుందని అతను ముందే చెప్పాడు, కోపంలో నేనే వినలేదు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఈడ ఆ మందన్నా ఎయ్యలేదు కదా!" అని వంటావిడ దగ్గర గోల పెట్టాను.

"అరవకండి అన్నయ్యా. కారు అద్దంలో మీ మొహం చూసి పెద్దావిడ కనిపెట్టేసిందంట. మీ మెడ సంగతి చూడమని బాబాతో చెప్పింది. ఫోనులో మీ మాట వచ్చింది అందుకేనండి."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. కళ్ళు తుడుచుకుంటూ, అతను చెప్పిన వ్యాయామం బుద్ధిగా మొదలుపెట్టాను. ఇంకోసారి కూడా ఉత్త సూది వేయించుకున్నాను, ఈసారి పేచీ పెట్టకుండా. తర్వాత ఒక ఉదయం వంటావిడ నా కుడిపక్కనుంచి టీ తాగమని పిలిచింది. తిరిగి చూశాను.

"తిరిగేరు అన్నయ్యా!" అని అరిచింది. "చూశారా, ఎండలో పెట్టిన దిండు ఇప్పుడు పనిచేసింది!"

శుక్రవారం అల్ ఖోర్ దాటి బంకు దగ్గర ఆపాను. వెనక ఫ్లాస్కు మూత తిరిగిన చప్పుడు, ఏలకుల వాసన. కానీ చెయ్యి ముందుకు రాలేదు. నేను కుడివైపుకు, వెనక్కి, పూర్తిగా తిరిగాను. ఆమె కప్పు ఒళ్ళో పట్టుకుని నన్నే చూస్తోంది. కుడిచెయ్యి చాచాను. ఇచ్చింది. తాగి, ఖాళీ కప్పు ఊపకుండా వెనక్కిచ్చాను. మళ్ళీ పోసింది. మళ్ళీ ఊపలేదు. ఊపడం నాకు తెలుసని ఆమెకు తెలుసు. భుజాలు కదిలేలా నవ్వుతూ పోస్తూనే ఉంది, నేను తిరుగుతూనే ఉన్నాను.

ఆ రోజు కూడా చెల్లెలికి చుక్క మిగల్లేదు.