సుద్దముక్క మేస్త్రి, మా వంటింటి గోడ

మా ఫ్రిజ్ హాల్లో ఉంటుంది. వంటింట్లో పెడితే వండే మనిషి బయట నిలబడాలి. నేను పొయ్యి దగ్గర నిలబడితే గిన్నెలు కడిగే సింకు నా వీపుకు తగులుతుంది. పన్నెండేళ్ళుగా ఆ ఇరుకులో వండుతూ, ఇల్లు బాగుచేయించే రోజు వస్తే వంటింటి పక్కగోడ నాలుగడుగులు బయటికి జరిపించుకోవాలని కాచుకుని కూర్చున్నాను. ఆ రోజు రానే వచ్చింది. తీరా వచ్చేసరికి, ఇంటి పక్కనున్న ఏడడుగుల సందును మా ఆయన కారుకు ఇచ్చేశారు.

మాకు కారు లేదు. కొనే ఆలోచన మాత్రం ఉంది. ఫోనులో ఇళ్ళ వీడియోలు చూసి చూసి ఆయన సగం ఇంజినీరు అయిపోయారు. "కారు పెట్టుకునే చోటు లేకపోతే అదేం ఇల్లు?" అన్నారు. అత్తయ్య కొడుక్కి వంత పాడింది. "వంటింట్లో ఏమన్నా పరుగు పందెం పెడతావా, అంత చోటెందుకు?" అంది నాతో. నాకు ఒళ్ళు మండింది. కానీ ఒకరికి ఇద్దరు, నా మాట ఎక్కడ చెల్లుతుంది?

పనికి కుదిరిన మనిషిని అందరూ సుద్దముక్క మేస్త్రి అంటారు. అరవై దాటాయి. చెవి మీద పెన్సిలు ఉండాల్సిన చోట సుద్దముక్క ఉంటుంది. ప్లాను కాగితం ఇస్తే మడిచి జేబులో పెట్టుకుంటాడు, మళ్ళీ బయటికి తీయడు. ఏ గదిని పగలగొట్టాలన్నా ఒకటే షరతు. ఆ గదిలో అందరికన్నా తక్కువసేపు ఉండే మనిషి ఒక పూట అక్కడ పనిచేయాలి. ఆ మనిషి పాదం పడిన చోటల్లా మేస్త్రి నేల మీద గీత గీస్తాడు. ఆ తర్వాతే సుత్తి ముడతాడు. ఈ షరతు విని నలుగురైదుగురు వేరే మేస్త్రిని చూసుకున్నారట.

ఈ పద్ధతి అతనికి ఊరికే పట్టుబడలేదు. వయసులో ఉండగా, వాడేవాళ్ళను అడక్కుండా ఇంటాయన గీయించిన ప్లాను ప్రకారం ఒక స్నానాలగది కట్టాడు. తలుపు లోపలికి తెరుచుకునేలా బిగించాడు. నెల తిరక్కుండానే ఆ ఇంటి ముసలావిడ లోపల జారిపడి తలుపుకు అడ్డంగా ఉండిపోయింది. తోస్తే ఆవిడకే తగులుతుంది, తోయకపోతే తెరుచుకోదు. చివరికి తాను బిగించిన తలుపును తానే వచ్చి రంపంతో కోశాడు. ఆవిడ బతికింది గానీ సరిగ్గా నడవలేకపోయింది. స్నానాలగది తలుపు బయటికే తెరుచుకోవాలని, స్విచ్చిబోర్డు తలుపు చాటున ఉండకూడదని అప్పటినుంచి అడిగినా అడక్కపోయినా చెబుతూనే ఉంటాడు. మొదటిరోజే చెవిలో జోరీగలా చెప్పి చెప్పి మా చేత మూడు స్విచ్చిబోర్డుల చోటు మార్పించాడు.

ఇక మా వంటింట్లో అందరికన్నా తక్కువసేపు ఉండేదెవరో వేరే చెప్పాలా? ఆదివారం పొద్దున మా ఆయన చొక్కా చేతులు మడుచుకుని లోపలికి వెళ్ళారు.

"అన్నం, ఒక కూర. అంతేగా" అన్నారు.

మేస్త్రి గుమ్మం దగ్గర చతికిలబడ్డాడు. కూరగాయల కోసం హాల్లోకి ఒక గీత. కడగడానికి సింకు వైపు ఒక గీత. పచ్చిమిరపకాయలు మరిచిపోతే మళ్ళీ హాల్లోకి ఇంకొకటి. తిరిగొచ్చేసరికి నూనె పొగలు కక్కుతోంది. ఆయన వెనక్కి గెంతారు, సింకు అంచు నడుముకు తగిలింది.

"ఇది ఇక్కడెందుకుంది?" అని నన్నడిగారు.

"పన్నెండేళ్ళుగా అక్కడే ఉందండీ" అన్నాను.

కూర అడుగంటింది. నేల మీద కాలు పెట్టే చోటు లేకుండా గీతలు నిండాయి. అయినా మా ఆయన పట్టు వదల్లేదు. "ఇదంతా సరే, మరి కారు మాటేమిటి?" అన్నారు.

మేస్త్రి కాదనలేదు. పక్కింటివాళ్ళ కారును టేపుతో కొలిచి వచ్చి, సందులో అదే కొలతతో కారు బొమ్మ గీశాడు. అటువైపు గోడకు ఆనించి గీసినా ఇటువైపు మిగిలింది అడుగుంబావు. గీతల మధ్య కుర్చీ వేసి, "కూర్చోండి సార్. ఇప్పుడు తలుపు తీసి దిగండి" అన్నాడు.

మా ఆయన పొట్ట బిగబట్టి, పక్కకు తిరిగి, గోడకు రాసుకుంటూ బయటపడ్డారు. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది.

"చూశావా, దిగాను."

"దిగారు సార్. ఇప్పుడు పెద్దమ్మగారిని దింపండి."

అత్తయ్య మనిషి కాస్త నిండుగా ఉంటుంది. కుర్చీని చూసింది, గోడను చూసింది.

"నన్ను ఇందులోంచి లాగుతావురా, లేక ఇందులోనే ఉంచేస్తావా?" అంది కొడుకుతో.

మా ఆయన తల గోక్కున్నారు. "పోనీ, కొన్నాక వీధిలో పెడదాం. ఎండకు రంగు పోతుందేమో" అన్నారు దిగులుగా.

"లేని కారుకు రంగేం పోతుందండీ" అన్నాను. ఇన్నాళ్ళకు నాకూ ధైర్యం వచ్చింది.

మేస్త్రి కారును తడిగుడ్డతో తుడిచేసి, ఇటుక ముక్కతో నాలుగడుగుల అవతల కొత్త గోడ గీశాడు. "వంటగట్టు ఎత్తు వండే మనిషి మోచేతికి బెత్తెడు కిందుండాలి. ఎత్తయితే భుజాలు లాగేస్తాయి, పల్లమైతే నడుం పోతుంది. చెయ్యి మడవండమ్మా" అన్నాడు. బట్టలు కుట్టేవాళ్ళు తప్ప నన్ను ఇంతవరకు ఎవరూ కొలవలేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

అంతలో అత్తయ్య ఆ ఎర్రగీత దాటి లోపలికొచ్చి, నా పక్కన మోచెయ్యి మడిచి నిలబడింది.

"నాదీ కొలువు మేస్త్రీ."

"మీరు వండుతారా పెద్దమ్మగారూ?"

"ఇంకేం వండుతాను, నా వంట అయిపోయింది. ఇరవై ఏళ్ళు ఆ గదిలోనే వండాను" అంది. "గోడ జరుగుతుందని నాకెవరూ చెప్పలేదు."

మేస్త్రి ఆవిడ చేతిని కూడా జాగ్రత్తగా కొలిచి, నా అంకె పక్కన ఆవిడ అంకె రాశాడు. మా ఆయన తల్లి వంక చూసి, సుత్తి ఎక్కడుందని మేస్త్రిని అడిగారు.