మా ఇస్కూలు, మా నాయన, నా పెండ్లి

మా ఇస్కూలుకు పండగ చేస్తా నన్ను కూడా పిలిచినారు. మెడలో చామంతి దండ వేసి స్టేజీ మింద కూర్చోబెట్టినారు. ఇప్పటి హెడ్మాస్టరు మైకు పట్టుకోని ఇస్కూలు చరిత్ర చదువుతా ఉంటే నాకు ఒళ్లు మండింది. "ఆ కాలంలోనే స్త్రీ విద్యను కోరి, ఆడపిల్లల కోసం గది కట్టించిన మహానుభావుడు" అంట మా నాయన! స్త్రీ విద్యంట, నా తలకాయ! ఊరంతా చప్పట్లు కొడతా ఉంటే నేనూ కొట్టినాను, ఏం చేసేది. జరిగింది మాత్రం అది కాదు. చెప్తా, వినండి.

తెల్లోళ్లు ఇంకా పోలేదు. యుద్ధం జరగతా ఉండింది, పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచే కాలం. తిరుపతి దాటి పుత్తూరు దోవ పట్టినాక మా ఊరు. ఇప్పుడు మీరు సూసే మూడంతస్తుల ఇస్కూలు అప్పుడొక చెనిక్కాయల మండీ. షావుకారు దివాళా తీసి తాళం వేసి పోతే, ఊరి పెద్దోళ్లు కమిటీ అని పేరు పెట్టుకోని అందులో పిలకాయల్ని కూర్చోబెట్టినారు. చెనిక్కాయలు పోయినా ఎలుకలు పోలేదు. మాతోపాటు అవీ చదువుకునేవి. కమిటీకి మా నాయన ప్రెసిడెంటు. ఆయన చదువు సంతకం కాడికే నిలిచిపోయింది.

మూడో ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, దాకానే ఉండేది. నాలుగో ఫారం వస్తే గానీ హైస్కూలు కాదు. క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ప్రెసిడెంటు కూతురే రాకుంటే ఇంకెవురొస్తారని హెడ్మాస్టరు పోరు పెడితే పంపినారు, అంతే. మూడో ఫారం అయిపోతానే మా మేనమామకిచ్చి పెండ్లని ముహూర్తం కూడా పెట్టించినారు. పందిరికని వెదుర్లు, తాటాకులు తెచ్చి దొడ్లో వేసినారు. అమ్మ పందిరి గుంజకు పసుపు పూసి, కుంకం బొట్లు పెట్టి గోడకు ఆనించింది.

మా మామ మంచోడే, కాదనను. కానీ ఆయనకు ఎద్దుల సంగతి తప్ప ఇంకో మాట రాదు. నాకేమో లెక్కలంటే పిచ్చి. నేను కూడు ముట్టనని మొండికేస్తే నాయన, "సరే, నాలుగో ఫారం మనూరికే వస్తే పెండ్లి ఆపుతాలే, సదువుకో" అన్నాడు. నా నోరు మూయించేదానికే ఆ మాట. నేను మాత్రం దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

నాలుగో ఫారం ఇచ్చేది లేనిది తేల్చేదానికి మద్రాసు నుంచి ఇన్స్పెక్టరు వస్తాడని కబురొచ్చింది. మా ఊరోళ్లకు, సూసేదానికి వచ్చినోళ్లంటే మొగపెండ్లోళ్లే. ఇంకో మర్యాద తెలియదు పాపం. మేళం పెట్టినారు. పన్నీరు చల్లినారు. మండీకి సున్నం కొట్టి మామిడాకులు కట్టినారు. హెడ్మాస్టరును తల వంచుకోని నిలబడమన్నారు, పెండ్లికూతురికి చెప్పినట్టు. పెండ్లిచూపుల్లో మాదిరే ముందు భోజనం, తర్వాత చూపులు అన్నారు.

భోజనం మా ఇంట్లో. పులిహోర, వడలు, నెయ్యి కారే ఓళిగలు. ఆ మహానుభావుడు చాలని ఆకు మింద చెయ్యి అడ్డం పెడితే, మా నాయన ఆ చెయ్యి పక్కకు తీసి మరీ వడ్డించినాడు. ఇంకేముంది, ఇన్స్పెక్టరు చేతులు కడుక్కోని నడిమింట్లో పరుపు మింద ఒరిగినాడు. ఒరిగినోడు గురక పెట్టినాడు.

మేము పొద్దున్నించీ తలకు నూనె పెట్టుకోని క్లాసులో కూర్చోనుండాము. పొద్దు వాలతా ఉండాది. హెడ్మాస్టరు వాకిట్లోకి, లోపలికి తిరగతా ఉండాడు. ఆఖరికి నన్ను ఇంటికి పంపినాడు. పోయి చూస్తే ఏముంది! కమిటీ అంతా తిన్నె మింద వరసగా కూర్చోని, గుసగుసగా మాట్లాడుకుంటా, కాకుల్ని తోలతా ఉండారు.

"నాయనా, బస్సు వేళయితా ఉండాది. లేపు" అన్నాను.

"ష్! నిద్రపోయే సుట్టాన్ని లేపుతారా ఎవురైనా? మర్యాద ఉండాదా నీకు? అలిసిపోయినాడు పాపం."

"ఇస్కూలు సూడకుండానే పోతాడు నాయనా!"

"మనసు నిండా తిన్నాడు, సూడకుండానే ఇచ్చేస్తాడులే, పో."

ఆ గురక వింటా ఉంటే నా నాలుగో ఫారం బొగ్గు బస్సెక్కి పోతా ఉన్నట్టే అనిపించింది. పరిగెత్తుకుంటా ఇస్కూలుకొచ్చి, యాపమానుకు కట్టిన రైలుపట్టా ముక్కను సుత్తితో బాదినాను. మా ఊర్లో ఆ గంట వేళ కాని వేళ మోగిందంటే గడ్డివాము అంటుకున్నట్టే లెక్క. నాకు తెలుసు. తెలిసే కొట్టినాను.

చూడాలబ్బా ఆ సంబరం! బిందెలతో, కడవలతో, ఆఖరికి కల్లాపి చెంబుతో ఊరంతా దిగబడింది. వెనకాలే పంచె చేత్తో పట్టుకోని ఇన్స్పెక్టరు, ఆయన వెనకాల కమిటీ.

"యాడ మంట? యాడ?" అన్నాడు మా నాయన.

"మంట లేదు. ఈయన్ను లేపేదానికి కొట్టినా" అన్నాను. ఇన్స్పెక్టరు వైపు తిరిగి, "అయ్యా, మీరు ఇస్కూలు సూడకుండా పోతే నాకు పెండ్లి చేసేస్తారు" అని భోరుమన్నాను. ఊరంతా మా నాయన మొకం చూసింది. ఆయన తువ్వాలుతో మొకం తుడుచుకున్నాడు.

ఇన్స్పెక్టరు నన్ను, మండీని, ఆ కడవల్ని మార్చి మార్చి చూసి పకపకా నవ్వినాడు. లోపలికొచ్చినాడు. నాకు లెక్కిచ్చినాడు, చేసినాను. అన్నీ చూసుకోని బయటికొచ్చి, అందరి ముందర చెప్పినాడు: "నాలుగో ఫారం పెట్టుకోండి. కానీ ఆడపిల్లలకు వేరే గది లేదు. అది లేకుండా ఈ అమ్మాయిని చేర్చుకోకూడదు." చెప్పి బస్సెక్కినాడు.

అంటే ఏమిటి? గంట కొట్టింది నేను, నాలుగో ఫారం మగపిలకాయలకు! ఆ రోజు ఏడ్చినంత ఏడుపు నేను మళ్లా ఏడవలేదు.

కానీ "లేదు" అనే మాట మా నాయనకు ముల్లులా గుచ్చుకుంది. ఊరి ముందర, ఆయన ఇస్కూల్లో, ఆయన కూడు తిన్నోడు ఒకటి లేదని చెప్పి పోయినాడు! తెల్లారి లేచి చూస్తే దొడ్లో వెదుర్లు, తాటాకులు బండికెక్కిస్తా ఉండాడు.

"అయ్యో అయ్యో, పెండ్లి పందిరికి తెచ్చినవయ్యా!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. "పసుపు పూసిన గుంజను ఎత్తుకుపోతావా? అశుభం!"

"పందిరి యాడేస్తే ఏం? నీడ నీడే గదా" అన్నాడు నాయన. "ఆ మద్రాసోడు మన ఇస్కూల్లో ఏదో లేదంటాడా!"

ఇస్కూలు పక్కన ఆడపిల్లల గదికి గుంటలు తవ్వింది ఎవురనుకుంటిరి? మా మామే. పెండ్లి ఆగిందని ఆయనకు చెప్పినారో లేదో నాకు తెలియదు. చెమటలు కారంగ తవ్వినాడు, మధ్యలో ఎద్దులకు నీళ్లు పెట్టి వచ్చినాడు.

బడి తెరిచిన దినం ఆ గదిలోకి పోయినాను. నేనొక్కదాన్నే. నాయన వాకిట్లో నిలబడి కప్పు పక్క చూస్తా, "వాన పడితే కారతాదేమో" అన్నాడు. "కారనీలే నాయనా" అన్నాను. అది రోషమే గానీ స్త్రీ విద్య కాదు, నాకు తెలుసు. ఆ రోషానికే ఈ పొద్దుకీ నా దండం.

ఆ పొద్దంతా గుంజకు ఆనుకోని కూర్చున్నాను. సాయంత్రం ఇంటికి పోతే అమ్మ నా రవిక వెనక చూసి, "ఈ పసుపు యాడిదే?" అనింది.

"నా పెండ్లి గుంజదే" అన్నాను.