ఇతరాల అర

ఆఫీసులో అందరూ ఆమెను అరలమ్మ అనేవారు. నీటి సరఫరా సంస్థలో రికార్డు గది ఆమెది. కాగితాలు గోనెసంచుల్లో, అటకల మీద, మెట్ల కింద కుప్పలుగా పడి ఉండేవి. వాటికి మొదటిసారిగా ఒక వర్గీకరణ తయారు చెయ్యమని మేనేజరు పురమాయించినప్పుడు ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

విభాగం విభాగానికీ వెళ్లి "ఇది మీదేనా?" అని అడిగింది. పైపులు, మీటర్లు, జీతాలు, ఎవరివి వాళ్ల అరలోకి చేరాయి. ఎవరూ తమవి అనని వాటికి చివర ఒక అర పెట్టి 'ఇతరాలు' అని రాసింది. అందులో చెత్త తప్ప ఏముంటుందిలే అనుకుని, ఏడాది దాటితే పారెయ్యవచ్చని నియమం కూడా తనే రాసింది. మేనేజరు సంతకం గీకేశాడు.

అక్కడే కొంప మునిగింది. ఇదివరకు తలనొప్పి కాగితం వస్తే, తిట్టుకుంటూనైనా ఎవరో ఒకరు జవాబు రాసి చచ్చేవారు. ఇప్పుడు అరలమ్మ పుణ్యమా అని ఆ బాధ తప్పింది. మురుగునీటి ఫిర్యాదులు, పనిలో దెబ్బతిన్నవాళ్ల అర్జీలు అన్నీ ఇతరాల్లోకే. మిగతా అరలు చూడముచ్చటగా ఉండేవి.

ఆమె తమ్ముడు ఆ సంస్థకే పైపులు వేసే కూలీ. గొయ్యి గట్టు విరిగిపడి అతని కాలు నుజ్జయింది. పరిహారం అర్జీ పట్టుకుని అరలమ్మే తిరిగింది.

"కాంట్రాక్టు కూలీ కదమ్మా, మా లెక్కలో లేడు," అన్నాడు జీతాల గుమాస్తా.

"పైపు బాగానే ఉందిగా, ఇక మాకేం సంబంధం?" అన్నాడు ఇంజినీరు. "నువ్వు పెట్టిన అరే ఉందిగా, అందులో పడెయ్యి."

'ప్రమాదాలు' అని కొత్త అర పెట్టనివ్వమని మేనేజరు కాళ్లావేళ్లా పడింది.

"ఆ పేరుతో అర పెడితే, ఇక్కడ ప్రమాదాలు జరుగుతున్నాయని మనమే ఒప్పుకున్నట్టు కాదూ?" అన్నాడాయన, ఎంతో నెమ్మదిగా.

అర్జీ ఇతరాల్లోకే చేరింది. ఏడాది తిరిగింది. చిత్తుకాగితాల బండి వచ్చింది. తమ్ముడి అర్జీని మాత్రం లాగి సంచిలో వేసుకుంది. దాని కింద వేలిముద్ర వేసిన ఇంకో అర్జీ, దాని కింద ఇంకోటి. ఎవరి తమ్ముళ్లో వాళ్లంతా. ఎన్నని లాగగలదు? తను రాసిన నియమం ప్రకారం తనే సంతకం చేసి బండిని పంపించింది. ఆ చెయ్యి విరిగిపోయినా బాగుండుననిపించింది.

ఇంట్లో తమ్ముడు మంచం మీద నుంచే అడిగాడు: "నా కాగితం ఏ అరలో ఉందక్కా?"

ఆమె సంచిలోంచి తీసి అతని చేతిలో పెట్టింది. "దీనికి అర లేదురా. నేనే పెట్టలేదు."

అతను చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మడిచి తలగడ కింద పెట్టుకున్నాడు.

"పోనీలే అక్కా, ఇక్కడుంటుంది."