సుధ తాగిన కోకో కషాయం

పొద్దుటి నుంచి ఇల్లంతా కోకో గింజలు వేగిన వాసన. పక్క ఫ్లాటావిడ తలుపు తట్టి, "కేకు చేస్తున్నారా అండీ, మెట్ల దాకా ఘుమఘుమలాడిపోతోంది" అని నవ్వి వెళ్ళింది. ఆవిడకు కేకు గుర్తొచ్చింది. నాకు అరచేతులు చెమటలు పట్టాయి. నలభై దాటినదాన్ని, ఆఫీసులో పదిమందిచేత పని చేయించేదాన్ని, గరిటె పట్టుకుని బాణలి ముందు నిలబడి చెవులు రిక్కించి వింటున్నాను, ఎక్కడైనా ఈల వినబడుతోందా అని. ఇంట్లో నేను తప్ప పిట్ట కూడా లేదు. అయినా భయమే. నా చిన్నతనంలో ఈ వాసనా, ఆ ఈలా ఎప్పుడూ జంటగానే వచ్చేవి మరి.

ఈల అంటే మా చెల్లెలు సుధ ఛాతీలోంచి వచ్చేది. దానికి ఉబ్బసం. నాకు పదేళ్ళు, దానికి ఆరు. తొంభైల్లో మాట. మేమప్పుడు యలహంక పాతూరి అంచున నాలుగు వాటాల వఠారంలో ఉండేవాళ్ళం. నాన్న చిక్కపేటలో ఒక చీరల కొట్లో పనిచేసేవాడు, తెల్లవారకముందే బస్సెక్కితే మళ్ళీ మేం అన్నాలు తిన్నాకే రావడం. ఇంట్లో అమ్మ, మేమిద్దరం, హిందూపురం వైపు నుంచి వచ్చి మాతోనే ఉండిపోయిన అవ్వ, అంటే నాన్న తల్లి. వఠారం వెనక అన్నీ ఖాళీ సైట్లు, వాటి నిండా నడుమెత్తు పెరిగిన కాంగ్రెస్ గడ్డి. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో ఆ గడ్డి మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి సన్న పూలు పూసేవి. పైన వైమానిక స్థావరం విమానాలు చెవులు చిల్లులు పడేలా తిరుగుతుంటే, కింద మేము తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే, అరుగుల మీద ఆడవాళ్ళు ఒలిచే అనపకాయల వాసన వీధంతా తేలుతుంటే, ఊరికి ఊరే ఆ కాలం కోసం ఎదురుచూసేది. నేను మాత్రం ఆ తెల్లపూలు కనబడగానే హడలిపోయేదాన్ని, ఆ పుప్పొడికే సుధకు ఆయాసం ఎక్కేది. పరిగెత్తకూడదు కనక సుధ గట్టు మీద కూర్చుని మా ఆటకు తీర్పులు చెప్పేది, అందులోనూ అన్నీ దొంగ తీర్పులే. అది ఒక్కసారి గొంతు సవరించుకుంటే చాలు, నా బిళ్ళ తిన్నగా గీత మీద పడేది.

కోకో మా ఇంటికి వచ్చింది పక్క వాటా శారదక్క వల్ల. ఆవిడది మంగళూరు వైపు. పుట్టింటివాళ్ళ వక్కతోటలో చెట్ల నీడన కోకో కూడా పెంచేవారట. సెలవులకు వెళ్ళి వస్తూ ఎండబెట్టిన గింజలు గుడ్డసంచిలో తెచ్చి, తమ ఇంట్లో జలుబుకూ ఆయాసానికీ దీన్నే మిరియాలేసి కాస్తారని అవ్వకు చెప్పింది. అంతే, అవ్వ పట్టుకుంది. అవ్వ ఒకటి పట్టుకుందంటే ఉడుంపట్టే.

సుధకు ఈల మొదలవగానే అవ్వ కొంగు నడుముకు చెక్కి పొయ్యి ముందుకు వచ్చేది. ఇనప బాణలిలో సన్నసెగ మీద గింజలు వేపుతుంటే మొదట పులిసిన పిండిలాంటి వాసన, తరవాత పొట్టు చిటపటలాడుతూ మాడీ మాడనట్టు ఒక తియ్యటి వాసన. వేడి మీదే వాటిని చేటలో పోసి, అరచేతులతో నలిపి, పొట్టు చెరిగేసి, మిరియాలూ శొంఠీ దాల్చినచెక్కా రెండు ఏలకులూ చేర్చి రోట్లో దంచితే, కాసేపటికి ఆ పొడి కాస్తా నూనె దిగి నల్లటి ముద్దయ్యేది. ఆ ముద్దను నీళ్ళలో మరిగించి, పాలు పోసి, దించాక గానీ బెల్లం వేసేది కాదు, ముందే వేస్తే పాలు విరిగిపోతాయని. ఆఖరున కవ్వం పెట్టి చిలికి నురగ తెప్పించి, తీపి సరిపోయిందో లేదో ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు రాసుకుని చూసుకునేది. ఇదంతా అయ్యేలోపల నా ప్రాణాలు పైకే పోయేవి. లోపల రోకటి దెబ్బలు, ఇక్కడ చాప మీద సుధ ఈల. రోకలి ఆగితే ఈల గట్టిగా వినబడేది, అదొక భయం. వినబడకపోతే అది ఇంకో భయం.

ఇంత భయంలోనూ నోరూరేది, సిగ్గులేని నోరు! ఒకసారి గిన్నె అడుగు గీరబోతే అవ్వ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఏయ్ పాపా, అది మందు. రోగం లేనోళ్ళు తాగితే ఆ రోగం వాళ్ళకొస్తాది."

ఆ మాటతో నా ఆశ చచ్చింది. అప్పటి నుంచి ఆ గిన్నె కడగడానికి కూడా భయపడేదాన్ని. కానీ రాత్రి పడుకున్నాక సుధ మూతి మీద మిగిలిన నురగ గుర్తొచ్చి, ఆ రుచి ఎట్లా ఉంటుందో అని అనుకోకుండా ఉండలేకపోయేదాన్ని.

నిజానికి డాక్టరు నోట్లో పెట్టుకుని పీల్చే పంపు రాసిచ్చాడు. నాన్న కొనుక్కొచ్చాడు, కొన్నాళ్ళు వాడారు కూడా. ఆ తర్వాత అవ్వ దాన్ని తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. "ఇది అలవాటైతే ఇంగ జన్మలో వదలదప్పా. ఆడపిల్ల. నా కషాయం ఉండాది గదా" అంది నాన్నతో. వఠారంలో అందరిదీ అదే మాట. నాన్న తల్లికి ఎదురుచెప్పే రకం కాదు, అమ్మ సంగతి సరేసరి. కషాయం తాగిన చాలాసేపటికి ఈల తగ్గేది కూడా. తగ్గింది దాని వల్లనో, దానంతటదో, ఎవరు చూడొచ్చారు?

ఆ ఏడు దీపావళినాడు అమ్మ పొద్దున్నుంచి కజ్జికాయలు వత్తింది, అవ్వ ఓళిగలు, అంటే బొబ్బట్లు, కాల్చింది. దీపాలు పెట్టే వేళకే వీధంతా పొగ. తలుపులూ కిటికీలూ మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కాం. పొగ వింటుందా! కొత్త పరికిణీ కట్టుకున్న సుధ రెండు చేతులూ నేలకు ఆనించి, భుజాలు పైకెత్తి గోడవారన కూర్చుంది. నాన్న ఇంకా కొట్టునుంచి రాలేదు. అవ్వ అప్పటికే రోలు ముందుంది.

కషాయం వచ్చింది. అమ్మ గ్లాసు నోటికి పెడితే సుధ మింగలేకపోయింది, అంతా గడ్డం మీదుగా కారి పరికిణీ మీద పడింది. ఈల వినబడటం లేదు. తగ్గిందనుకున్నాను. తర్వాత దాని పెదాలు చూశాను, బూడిదరంగులో ఉన్నాయి. ఈల లేకపోవడం అంటే ఏమిటో నాకప్పుడు అర్థమైంది.

"అత్తా, పంపు తియ్యి" అంది అమ్మ.

అవ్వ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "ఇంగొక గుక్క పట్టు మే. దిగుతాది."

"పంపు తియ్యత్తా! బిడ్డ పోతాండాది!"

అమ్మ అవ్వ మీద గొంతెత్తడం అదే మొదలు, అదే ఆఖరు. అవ్వ మొలలోంచి తాళంచెవి తీసింది గానీ ఎంతకీ తాళంలో దూర్చలేకపోయింది. అమ్మ లాక్కుని పెట్టె తెరిచింది. పాత చీరల మడతల్లో పసుపుగుడ్డలో చుట్టి ఉంది పంపు. అమ్మ నొక్కింది, సుధ పీల్చలేకపోయింది. మళ్ళీ నొక్కింది. బయట బాంబులు పేలుతున్నాయి, పిల్లలు కేరింతలు కొడుతున్నారు. నేను తెలిసిన దేవుళ్ళకూ, తెలియని దేవుళ్ళకూ మొక్కేశాను. ఎంతసేపటికో సుధ ఛాతీలోంచి సన్నగా, దారమంత సన్నగా, ఈల వచ్చింది. నేను అంతగా భయపడిన ఆ ఈల విని నాకు ప్రాణం లేచొచ్చింది.

శారదక్క భర్త స్కూటరు మీద అమ్మనూ సుధనూ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అవ్వ చెప్పులు లేకుండా, కాలిన టపాకాయల మీంచి, వీధి మలుపు దాకా స్కూటరు వెనక పరిగెత్తింది.

సుధ ఇంటికొచ్చాక అవ్వ దేవుడి గూటి పక్కన మేకు కొట్టి, చిన్న సంచిలో పంపును అందరికీ అందేటట్టు వేలాడదీసింది. తప్పు ఒప్పుకోవడం ఆమె ఇంటా వంటా లేదు. "ముందు పంపు, ఆనక కషాయం" అని మాత్రం అంది. నేను కాలేజీకొచ్చేదాకా ఆ వరుసలోనే రెండూ నడిచాయి. రెండు వేలు దాటిన కొన్నాళ్ళకు అవ్వ పోయింది.

వఠారం కూలగొట్టారు, రోలు ఏమైందో ఎవరికీ తెలియదు. కాంగ్రెస్ గడ్డి మొలిచిన ఆ సైట్లలోనే ఇప్పుడు మా ఫ్లాట్లు లేచాయి. మొన్న సుధ ఫోను చేసి, "అక్కా, దుకాణంలో కోకో గింజలు కనబడినాయి, పంపిస్తాను, అవ్వ కషాయం చేసిపెట్టు" అంది. అందుకే ఈ వాసన, ఈ చెమటలు.

సాయంత్రం సుధ ఊరికి ఆ చివరనున్న చందాపుర నుంచి వచ్చింది. హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పెట్టింది, పక్క అరలోంచి పంపు తొంగిచూస్తోంది. నేను రెండు గ్లాసులు నింపాను. అది తాగుతూంటే నా కళ్ళు దాని ఛాతీ మీదే ఉన్నాయి.

"అవ్వ చేసినట్టే ఉండాదా?" అని అడిగాను.

అది నవ్వబోయి ఆగింది. "నాకేం తెలుసక్కా? ఊపిరాడనప్పుడు రుచేం తెలుస్తాది? వేడి తెలిసేది, అంతే. నువ్వే చెప్పల్ల."

"నేనెప్పుడు తాగినానే?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏళ్ళ తరబడి మా ఇంట్లో కాచిన ఆ కషాయం రుచి తెలిసిన మనిషి ఒక్కతే, అరచేతిలో చుక్క వేసుకుని చూసిన మనిషి. బెల్లం ఇంత చాలో, ఇంకొంచెం పడాలో చెప్పడానికి ఆమె లేదు. నాకు ఏడుపొచ్చింది.

సుధ మెల్లగా, గుక్క గుక్కకూ ఆగి, చప్పరించి, గ్లాసు ఖాళీ చేసింది. "బాగుండాదక్కా, కారంగా" అంది. అప్పటిదాకా వింటూనే ఉన్నాను. ఎక్కడా ఈల లేదు. అప్పుడు నా గ్లాసు అందుకున్నాను.