పంచామృతం తాగిన తాళం

2006లో నన్ను కడప నుంచి కర్నూలుకు బదిలీ చేసి, మా కార్ల డీలరు వర్క్‌షాపుకు మేనేజరును చేశారు. నా కింద ఇద్దరు సర్వీస్ అడ్వైజర్లు. కారుకొచ్చిన కష్టమేమిటో విని జాబ్‌కార్డు రాయడం వాళ్ళ పని. నా పైన హైదరాబాదులో జోనల్ మేనేజరు. కిందివాళ్ళు విప్పలేని చిక్కులూ, పైవాడు పెట్టే చీవాట్లూ రెండూ నా బల్ల మీదికే వచ్చేవి.

చేరిన కొత్తలోనే కందిబేడల టోకు వ్యాపారి సుబ్బయ్య శెట్టి వచ్చాడు. కొత్త కారు నడుస్తోంది గాని, రిమోట్ తాళం బటన్ నొక్కితే తలుపులు కదలడం లేదు. విప్పి చూస్తే లోపల తేనె! వాహన పూజ రోజున వాళ్ళమ్మ కారుతో వచ్చిన రెండు తాళాలకూ పంచామృతంతో అభిషేకం చేసిందట. "కారంతా యాడ కడిగేది నాయనా, దాని పానమంతా తాళంలోనే గదా ఉండేది" అన్నదట. వృత్తిరీత్యా ఆవిడ మాటను కాదనలేను. తాళం పిడిలో చిన్న చిప్ ఒకటి ఉంటుంది. కారు దాన్ని గుర్తుపడితేనే ఇంజను స్టార్టవుతుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు కాబట్టి అభిషేకాన్ని తట్టుకుంది. బటన్ల బోర్డు మాత్రం తట్టుకోలేదు.

కొత్త రిమోట్ తాళం చెన్నై నుంచి రావాలి, మా యంత్రంతో దాన్ని కారుకు జతచేయాలి. ధర చెప్పగానే శెట్టి కుర్చీలోంచి లేచాడు. వారంటీలో ఇమ్మన్నాడు. తడిస్తే వారంటీ చెల్లదన్నాను. ఆయన వారంటీ పుస్తకం తెరిచి, నీళ్ళని రాశారే తప్ప పంచామృతమని ఎక్కడ రాశారో చూపించమన్నాడు. ఓరి నాయనో, ఇన్నేళ్ళ సర్వీసులో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు! తాళం దూర్చి తిప్పితే తలుపు తెరుచుకుంటుంది, దమ్మిడీ ఖర్చుండదని సలహా ఇచ్చాను. ఆయన ముఖం కందగడ్డలా అయింది.

"సోమారం లోపల సెయ్యకపోతే, గాడిదల్ని కట్టి ఈ కారును మీ షోరూము ముందరే ఈడ్పిస్తా సూడు సారూ!"

సోమవారం జోనల్ మేనేజరు తనిఖీకి వస్తున్నాడు. ఆయన కళ్ళ ముందు ఆ ఊరేగింపు జరిగితే నా కుర్చీ ఊడినట్టే. నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది.

ఆదివారం మా ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని శెట్టి అంగడికే వెళ్ళాను. ఆ బటన్ మీద అంత పట్టుదల దేనికయ్యా అని అడిగాను. ఆయన గొంతు తగ్గించి ఎదురంగడి చూపించాడు. అది ఆయన తోడల్లుడిది. ఆ అంగడి ముందు అదే మోడల్ కారు.

"వాడు గల్లా కాడనుంచి లేయకుండానే కారును కుయ్యిమనిపించి నా దిక్కు సూస్తాడు సారూ. కంపెనీ రిమోటంట! నేనేమో నడిబజార్లో వంగి తాళం తిప్పుకోవాల్నా? మా ఇంట్లో ఆమె కూడా నవ్వుతాండాది."

ఆ కుయ్యిమనే చప్పుడు కోసమా ఇంత రభస! ఆ సంగతి మొదటే చెప్పి ఉంటే నాకు నిద్రయినా పట్టేది. బజారులో దొరికే రిమోట్ లాకు సెట్టు కంపెనీ తాళం ధరలో నాలుగో వంతు కూడా ఉండదు. ఇంజనుకు పాత తాళంలోని చిప్ చాలు. బయటి సెట్టు వేస్తే వైరింగుకు వారంటీ పోతుందని సంతకం తీసుకుని, అక్కడే బిగింపించాను.

శెట్టి గల్లా ముందు సర్దుకుని కూర్చుని బటన్ నొక్కాడు. ఆయన కారు కుయ్యిమంది. ఎదురుగా తోడల్లుడి కారు కూడా కుయ్యిమని, తలుపుల తాళాలు టకటకా విప్పుకుంది.

బజారు సెట్లలో ఒక్కోసారి రెండింటికి ఒకే కోడు వచ్చేది. కంపెనీవాటికి అలా రాదు. అంటే తోడల్లుడు కంపెనీ రిమోట్ రాని చవక రకం కొన్నాడన్నమాట, ఆయనది కూడా బజారు సరుకే. ఆ మాట చెప్పగానే శెట్టి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తోడల్లుడు బయటికొచ్చి కారు చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాడు. ఇది ప్రమాదం, సెట్టు ఇప్పుడే మార్చాలన్నాను.

"మారుస్తువులే సారూ. మా ఇంట్లో ఆమెకు కబురు పంపినా, వస్తాండాది. ఆమె సూసినంక మార్చు."

ఆమె వచ్చి, చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాకే మార్చాను. సోమవారం తనిఖీ ప్రశాంతంగా జరిగింది. నేను నేర్చుకున్నది ఒక్కటే: కస్టమరు ఏం పాడైందంటే అది రాసుకోవాలి, అది పాడై ఆయనకు ఎవరి ముందు తలవంపులయ్యాయో కూడా అడగాలి. రెండోదానికి జాబ్‌కార్డులో గడి లేదు.