చివర ఎవడి చెయ్యి పడింది

ముసురు విడవలేదు. భిలాయి క్యాంప్ 2లో మా వెల్డింగు దుకాణం రేకుల మీద వాన పడుతూనే ఉంది. ఒక గేటు పని సగంలో ఉంది. తడిలో కరెంటు ముట్టుకోవడం మంచిది కాదని ఆపి కూర్చున్నాను. ఆసుపత్రి నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మావయ్య ఎలిపోయార్రా" అంది.

ఆయన మా అమ్మకి అన్న. పార్వతీపురం వైపు నుంచి భిలాయి వచ్చి, ప్లాంటులో డీజిల్ రైలింజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. నాకు పని నేర్పింది ఆయనే. ఎప్పుడూ పొగడలేదు. నేను మొదటిసారి సొంతంగా చేసిన గేటు చూసి "మూసుకుంటాది" అన్నాడు. అంతకన్నా పెద్ద మాట ఆయన దగ్గర లేదు.

ఈ క్యాంపులో ఉన్న మీలో చాలామంది ఆయన్ని మీ బండి ఆగినప్పుడే చూసి ఉంటారు. ఎడమచేతి వాటం మనిషి. ఆ చేత్తో పానా పట్టుకుని వచ్చి, బానెట్ తెరవకముందే అడిగేవాడు: "దీనిమీద చివర ఎవడి చెయ్యి పడింది?"

అది వాళ్ల షెడ్డు ఆనవాయితీ. ఇంజను ఆగితే ముందు ఆ ప్రశ్న. ఆఖరున పని చేసినవాడు అందరి ముందూ "నేనే" అని చెప్పాలి. చెప్పినవాణ్ని ఎవరూ తిట్టేవాళ్లు కాదట. దాచినవాడితో మాత్రం ఎవరూ కలిసి టీ తాగేవాళ్లు కాదట.

"కిసీనే నహీ ఛువా చాచా, ఎవరూ ముట్టుకోలేదు, దానంతటదే ఆగిపోయింది" అనేవాడు మా పక్కింటి ఆటో భయ్యా.

"దానంతటది ఆగడానికి అదేటి, మీ మావగారా అలగడానికి?" అనేవాడు మావయ్య.

ఆయన పోవడానికి ముందు రోజు పొద్దున్న అత్త గొడుగు లేకుండా మా ఇంటికొచ్చింది. "బేగి రారా. మావయ్యకి గుండెల్లో పట్టేసిందట. ఆసుపత్రికి తనే నడుపుకుని ఎల్తానని కార్లో కూకున్నారు. అది స్టార్టవట్లేదు."

మలుపు దగ్గరే ఆ చప్పుడు వినబడింది. స్టార్టరు తిరుగుతోంది, తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. కాసేపు ఆగి మళ్లీ. ప్రతిసారీ చప్పుడు కొంచెం బరువెక్కుతోంది.

ఆయన స్టీరింగు ముందు ఉన్నాడు. అద్దాలు మూసే ఉన్నాయి. చొక్కా మాత్రం మెడ దగ్గర తడిసిపోయింది.

"చాచా, ఉతరో. మేరా ఆటో ఖడా హై, ఎక్కండి" అన్నాడు నా వెనకే వచ్చిన ఆటో భయ్యా.

"నీ ఆటో ఎక్కితే ఉన్న గుండె కూడా గోతిలో పడిపోతాది." మావయ్య నవ్వబోయి మధ్యలో ఆపేశాడు.

"కారు సంగతి తరవాత. దిగండి" అంది అత్త.

"గ్యాసు నొప్పేనే. కారణం తెలీకుండా బండి ఒగ్గేసి ఎల్లడమేటి? ఒరే, ఎనక పొగొస్తోందా?"

వెళ్లి చూశాను. ఆయన మళ్లీ తాళం తిప్పాడు. పొగ లేదు.

"మోటారు తిరుగుతోంది, బ్యాటరీని అనకు. దానికి తాగడానికి డీజిల్ అందట్లేదు. ఎక్కడో గాలి దూరింది. దీనిమీద చివర..." అని ఆగిపోయాడు.

బానెట్ ఎత్తాను. వానాకాలం డీజిల్లో నీళ్లు చేరతాయి. ఫిల్టరు అడుగున ఉన్న మర వదులు చేసి ఆ నీళ్లు దించడం ఆయన అలవాటు. ఇప్పుడు ఆ మర చుట్టూ డీజిల్ తడి. పానా అక్కర్లేదు, వేళ్లతోనే తిరిగింది.

"మర బిగించలేదు మావయ్యా."

ఆయన తాళం మీంచి చెయ్యి తీశాడు.

"నేనే" అన్నాడు. "నిన్న సాయంత్రం నీళ్లు దించాను. బిగించబోతే చెయ్యి పట్టు చిక్కలేదు. భుజం కాడినుంచి లాగేసింది. ఇంజను నడిపి చూడకుండానే లోపలికొచ్చి తొంగున్నాను."

"గ్యాసని రాత్రి అన్నం ఒద్దన్నారు. అదా సంగతి?" అంది అత్త.

ఆటో భయ్యా నా వైపు చూసి తల దించుకున్నాడు.

మర బిగించి, ఫిల్టరు మీది చేతిపంపు గట్టిపడేదాకా నొక్కాను. ఆయన్ని పక్క సీటులోకి జరిపి తాళం తిప్పాను. ఇంజను దగ్గి అందుకుంది. ఆయన కళ్లు మూసుకుని విని, "ఆఁ" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు నొప్పి ఎప్పటినుంచని అడిగాడు. "పొద్దున్నించి" అంది అత్త. "నిన్న సాయంత్రం నుంచి" అన్నాను నేను. డాక్టరు గోడ గడియారం వైపు చూశాడు. నిన్ననే తేవాల్సిందని తరవాత అన్నాడు.

ఆటో ఎక్కి ఉంటే బతికేవాడని అత్త అంటుంది. కావచ్చు. నాకు తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే. ఒంటి సంగతి ఆయన ఎవరికీ చెప్పే మనిషి కాదు. ఆ భుజం నొప్పి కూడా తనతోనే ఉంచుకునేవాడు. బండి విషయంలో దాచడం చేతకాలేదు కాబట్టి మాకు చెప్పాడు. అంత సూటి మనిషి దగ్గర పని నేర్చుకున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్త తన చెల్లెలితో పార్వతీపురం వెళ్లిపోయింది. కిటికీ పక్కన కూర్చుంది, నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నా మూసిన అద్దం పైకెత్తలేదు. సాయంత్రం రైలు. చీకటి పడకముందే కదిలింది.