వదిన కుట్టిన టెంట్

మా వదిన కర్టెన్లు కుడుతుంది. ఎవరు కొత్త ఇంట్లోకి దిగినా టేపు పట్టుకెళ్లి కిటికీలు కొలుచుకొస్తుంది. అన్ని ఇళ్లలో ఆవిడ కుట్టిన కర్టెన్లు వేలాడుతున్నాయి గానీ, ఒక్క ఇంట్లోనైనా ఓ రాత్రి పడుకున్న పాపాన పోలేదు. పుట్టింట్లో కూడా. కారణం మా బుడంకాయ.

బుడంకాయ అంటే వదిన కూతురు. మనిషి జానెడే గానీ, పంతం పడితే అందరినీ ఓడిస్తుంది. సొంతిల్లు తప్ప ఎక్కడా నిద్రపోదు. చుట్టాలింటికి వెళ్తే, పొద్దుగూకగానే "ఇంటికెళ్దాం" అని రాగం మొదలు. ఓసారి హోటల్లో దిగితే, దాన్ని భుజాన వేసుకుని వరండాలో తెల్లార్లూ తిరిగింది వదిన. ఆ తర్వాత ఎవరు రమ్మన్నా నవ్వేసి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు జాలేసేది. "పిల్లని మరీ నెత్తికెక్కించుకున్నారు" అని సలహాలిచ్చే చుట్టాల మీద మాత్రం ఒళ్లు మండేది.

అలాంటి వదిన ఓరోజు అన్నాలు తింటుండగా తేల్చి చెప్పింది.

"మనం విమానమెక్కుతున్నాం. దిగాక వ్యాను అద్దెకు తీసుకుని, సరస్సు పక్కన టెంట్ వేసుకుంటున్నాం."

అన్నయ్యకి పొలమారింది. "ఇది పడుకోదు కదే!"

"ఇల్లు వదిలి పడుకోదు. అయితే ఇంటినే మోసుకుపోదాం."

టెంట్ వచ్చింది. హాల్లో వెలిసింది. సోఫా బాల్కనీ పాలైంది. బుడంకాయ బొమ్మలతో సహా అందులోకి కాపురం మార్చేసింది. మొదట్లో లైటు వేసి పడుకునేది, తర్వాత ఆర్పినా ఊరుకుంది. లిఫ్టులు బాగుచేసే అన్నయ్య డ్యూటీ దిగి, బూట్లు విప్పి, నేరుగా అందులోకే దూరేవాడు. ఎదురింటావిడ వచ్చి ముక్కున వేలేసుకుంది. పోనుపోను మాకది టెంట్ అన్న సంగతే గుర్తులేకుండా పోయింది. దుమ్ము దులిపేటప్పుడు బీరువాతో పాటు దాన్నీ దులిపేవాళ్లం.

వ్యాను సంగతి నేను చూశాను. మిగతాదంతా వదినే. గ్యాస్ డబ్బా విమానంలో రానివ్వరు కాబట్టి దిగాక కొనాలంది. గిన్నెల్లో గిన్నెలు పెట్టి, వాటిని దుప్పట్లలో చుట్టింది. బరువు తగ్గాలని స్వెట్టర్లన్నీ మా ఒంటికే తొడిగింది. ఎండాకాలంలో ఉన్నితో బిగుసుకుపోయి విమానాశ్రయంలో నిలబడ్డాం. సూట్‌కేసులు తూకంలో తేలిగ్గా వచ్చేసరికి అన్నయ్య మీసం మెలేశాడు. "చూశావురా, సర్దడమంటే ఇలా ఉండాలి!"

సరస్సు దగ్గర వ్యాను ఆపి సామానంతా దించాకగానీ తెలీలేదు ఎందుకు తేలిగ్గా వచ్చిందో. టెంట్ మా హాల్లోనే ఉంది, నిక్షేపంగా నిలబడి. పొద్దున్న అందులోంచే లేచాం, దాని పక్కనుంచే పెట్టెలు లాక్కొచ్చాం. ఇంటికి తాళం వేసేటప్పుడు వెంట ఇంటిని తెచ్చుకోవాలని ఏ ఒక్కరికీ తట్టలేదు. తలకాయలు నాలుగున్నాయి, దేనికో మరి!

వదిన కూలబడింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బుడంకాయ పెదవి అప్పుడే వణకడం మొదలెట్టింది.

"హోటలేదైనా చూద్దామా?" అన్నాడు అన్నయ్య మెల్లగా.

ఆ మాటతో వదిన లేచింది. కొంగు బిగించింది. "హోటలా? నా బతుకంతా గుడ్డ వేలాడదీయడమే కదండీ. ఆ దుప్పట్లు ఇటివ్వండి."

వ్యాను వెనక తలుపు పైకెత్తి, దానికో తాడు కట్టి, రెండో కొస చెట్టుకు బిగించింది. తాడు మీదుగా దుప్పట్లు వేసి, పెట్టెలోంచి సూదీ దారం తీసి అంచులు కలిపి కుట్టడం మొదలెట్టింది. నేను రాళ్లు మోశాను, అన్నయ్య తాడు పట్టుకున్నాడు. దారం ఉండ బుడంకాయ చేతికిచ్చి, "తలుపు ఎటు పెట్టమంటావే?" అనడిగింది. అది ముక్కు ఎగబీల్చి, చుట్టూ చూసి, చాలాసేపు ఆలోచించి, నీళ్ల వైపు చెయ్యి చూపింది. ఇక చూడాలి దాని పెత్తనం! ఇక్కడ కిటికీ అంది, అక్కడ చెప్పులు విడవమంది, వంగి రమ్మని అన్నయ్యని గదమాయించింది.

చీకటి పడింది. ఉడకబెట్టిన బంగాళాదుంపలు తిన్నాం. మా ముగ్గురి చెవులూ ఆ "ఇంటికెళ్దాం" రాగం కోసమే ఎదురుచూస్తున్నాయి. బుడంకాయ దుప్పట్లోకి దూరి, "ఇది నేను కట్టిన ఇల్లు, ఎవరూ అల్లరి చెయ్యకండి" అని అటు తిరిగి పడుకుంది. అంతే. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చిందో నవ్విందో నాకు తెలీదు. నాకు మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించింది.

తెల్లారి నేనూ అన్నయ్యా టీ పెట్టుకుంటుంటే దుప్పటి తొలగించుకుని బుడంకాయ బయటికొచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది. "అమ్మేదే? టీ తాగుతుందేమో పిలువు" అన్నాడు అన్నయ్య.

అది వేలు పెదాల మీద పెట్టుకుని, మా ఇద్దరినీ కోపంగా చూసింది.

"గట్టిగా మాట్లాడకండి. అమ్మ నిద్రపోతోంది."